మొహం కదపని షావుకారు, మాట రాని మనవడు

1984 ఏప్రిల్లో నన్ను నూజివీడు పక్కనున్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి లేడీ హెల్త్ విజిటరుగా బదిలీ చేశారు. మామిడి సీజను మొదలైన నెల అది. చేరిన రోజునే మెడికల్ ఆఫీసరు గారు నాకు రెండు విషయాలు చెప్పారు. మే నెలాఖరు దాకా ఈ చుట్టుపక్కల మగవాళ్లెవరూ ఏ మాటా వినిపించుకోరు, ఆడవాళ్లకి వినే తీరిక ఉండదు. ఆ రెండూ చెప్పేసి, ఆయన ట్రైనింగు క్యాంపుకి వెళ్లిపోయారు.

హెల్త్ విజిటరు అంటే ఏమిటో ఈ కాలం వాళ్లకి తెలియకపోవచ్చు. కింద ఏ.ఎన్.ఎం.లు, పైన మెడికల్ ఆఫీసరు, మధ్యలో మేము. ఏ.ఎన్.ఎం. ఊళ్లు తిరిగి టీకాలు వేస్తుంది, గర్భిణుల్ని చూస్తుంది, కాన్పులు చేస్తుంది. ఆవిడ చేసిందీ చెయ్యనిదీ చూసి, బాలింతల్నీ పసిపిల్లల్నీ ఇళ్లకు వెళ్లి పరీక్షించి, అనుమానం ఉన్న కేసుల్ని పైకి పంపడం మా పని. ఊళ్లో జనానికి ఈ తేడాలేవీ పట్టవు. తెల్లచీర కట్టుకుని సంచి పట్టుకున్న ప్రతి మనిషీ వాళ్లకి నర్సమ్మే. మొదట్లో నేను సరిదిద్దేదాన్ని. సరిదిద్దినకొద్దీ ఇంట్లోకి రమ్మనేవాళ్లు తగ్గుతూ వచ్చారు. నర్సమ్మకిచ్చే చల్లమజ్జిగ హెల్త్ విజిటరుకి ఇవ్వరని తెలిశాక ఆ పట్టుదల వదిలేశాను.

రెడ్డిగూడెం వెళ్లే దారి మీద షావుకారు నాగభూషణం గారి మామిడి మండీ ఉండేది. రోడ్డు వైపు తాటాకుల షెడ్డు, దాని వెనకే ఇల్లు. తోటల నుంచి ట్రాక్టర్ల మీద వచ్చిన కాయల్ని షెడ్డులో వరిగడ్డి మీద రాసులు పోస్తారు. నాగపూరు నుంచీ కలకత్తా నుంచీ వచ్చిన వ్యాపారులు ఆ రాసుల చుట్టూ తిరిగి, ఒక కాయ కోసి చూసి, బేరానికి కూర్చుంటారు. ఆ బేరంలో ధర ఎవరూ పైకి చెప్పరు. ఇద్దరూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుంటారు. ఏ వేలు ఎన్నిసార్లు నొక్కితే ఎంతో వాళ్లకే తెలుసు. పక్కన నిలబడ్డవాడికి తువ్వాలు కదలడం తప్ప ఏమీ కనిపించదు.

దానికి రెండు కట్టుబాట్లున్నాయి. ఒకటి, మొహం కదపకూడదు. అవతలివాడు ఎంత చెప్పినా సంతోషం గానీ చిరాకు గానీ పైకి రాకూడదు. రెండోది, బేరం తెగేదాకా చెయ్యి తియ్యకూడదు. ముందు చెయ్యి తీసినవాడు ఆ బేరం వదులుకున్నట్టే. అవతలివాడు తువ్వాలు భుజాన వేసుకుని ఎదురు మండీకి పోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు.

నాగభూషణం గారి మొహం గురించి అక్కడ కథలు చెప్పుకునేవారు. బేరం మధ్యలో కాలి మీదికి తేలు పాకితే, బేరం ముగించాకే కాలు దులిపారట. విన్నప్పుడు నేను నమ్మలేదు. ఆయన్ని చూశాక, ఆ తేలే భయపడి దిగిపోయి ఉంటుందనిపించింది.

నేను ఆ ఇంటికి వెళ్లింది ఆయన మనవడి కోసం. పదో నెల పిల్లవాడు. టీకాలు వరసగా పడ్డాయి, బరువు బాగుంది, బుగ్గలు బూరెల్లా ఉన్నాయి. సంచి సర్దుకుని లేవబోతుంటే షావుకారు గారి భార్య సీతారావమ్మ గారు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. బాబు ఉలకడు పలకడు. ఈడు పిల్లలంతా తాత తాత అని ఇల్లెగరగొడుతుంటే వీడు మౌనవ్రతం పట్టినట్టు కూర్చుంటాడు. పుట్టినప్పటి నుంచీ వసకొమ్ము అరగదీసి నాలుకకి రాస్తున్నారు. వసపిట్ట అవుతాడనుకుంటే ఉన్న ఉంగాలు కూడా పోయాయి. ఇలా చెప్పుకుంటూ వచ్చి చివర్లో, అసలు సంగతేమీ కానట్టు, ఇంకో మాట చెప్పారు. ఊళ్లో ప్రాక్టీసు చేసే ఆర్.ఎం.పి. డాక్టరు గారు చూసి నాలుక కింద నరం అడ్డం పడిందన్నారట. దశమి వెళ్లాక వచ్చి దాన్ని కోసేస్తారట.

నాలుక కింద నరం నిజంగా బిగిసి ఉండే పిల్లలుంటారు, కాని అది సర్జను చూసి చెప్పాల్సిన మాట. వెనక పనిచేసిన చోట ఇలాగే బ్లేడుతో కోయించిన పసిపిల్లని నా చేతులతో ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాను. నోరు వాచి పాలు తాగలేకపోయింది. బతికింది గాని, ఆ ప్రయాణం నేను మర్చిపోలేదు. పైగా మా అధికారం ఎంత? సలహా చెప్పడం మా పని, ఆపడం కాదు. మెడికల్ ఆఫీసరు గారితో చెప్పిద్దామంటే ఆయన క్యాంపులో ఉన్నారు.

గుమ్మం దాటుతుంటే కోడలు పద్మ మజ్జిగ గ్లాసుతో వెనకే వచ్చింది. పెళ్లై రెండేళ్లయిన పిల్ల. భర్త లారీల వెంట ఊళ్లు తిరుగుతుంటాడు. సీజనులో ఆ ఇంట్లో కూలీలకీ వ్యాపారులకీ వంట ఈమెదే కాబట్టి పొద్దున్నుంచీ పిల్లవాడు తాతా నాయనమ్మల దగ్గరే ఉంటాడు. గ్లాసు నా చేతికిచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"పడుకునేటప్పుడు నా దగ్గర త్తా త్తా అంటాడండీ. చెబితే ఎవరూ నమ్మట్లేదు. మా మేనమామకి పుట్టు చెవుడు. అది మా వైపు నుంచే వీడికి వచ్చిందని, ఆ తప్పు నా మీదికి రాకుండా కల్పించి చెబుతున్నానంటున్నారు. కోయించకుండా చూడండి సిస్టరు గారూ."

మర్నాడు ఏ.ఎన్.ఎం.ని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాను. ముందు వినికిడి చూడాలి. దానికి మాకు నేర్పిన పద్ధతి సులువైనదే. ఒకరు బిడ్డ ఎదురుగా కూర్చుని ఏదో ఆటవస్తువుతో చూపు నిలబెట్టాలి. రెండోవాళ్లు వెనక, బిడ్డకి కనపడకుండా, చెవికి మూరెడు దూరంలో మెల్లగా చప్పుడు చెయ్యాలి. గట్టిగా చేస్తే గాలి తగిలి తిరుగుతాడో, నేల అదిరి తిరుగుతాడో చెప్పలేం. నేను గ్లాసు అంచు మీద చెంచాతో తాకీ తాకనట్టు తాకాను. కుడివైపు తాకితే కుడికి, ఎడమవైపు తాకితే ఎడమకి తిరిగాడు. మూడోసారి ఇంక చాలన్నట్టు నా చెంచా లాక్కున్నాడు.

తర్వాత నాలుక. నోరు తెరవమంటే తెరిచే వయసు కాదు కదా. ఒక చిన్నరసం మామిడిపండు పిసికి, పైన తొడిమ దగ్గర చిదిమి, చుక్క రసం కింది పెదవికి రాశాను. నాలుక బయటికొచ్చి తుడిచేసింది. ఇంకాస్త కిందికి, గడ్డం వైపు రాశాను. నాలుక అక్కడికీ వచ్చింది. ముక్కు మీద రాయలేదు గాని, రాస్తే అక్కడికీ వచ్చేదేమో. నరం అడ్డం పడిన నాలుక అంత దూరం రాదని సీతారావమ్మ గారికి చూపించాను. ఆవిడ చూశారు, తలూపారు, అయితే మాటెందుకు రాలేదని అడిగారు.

అది న్యాయమైన ప్రశ్నే. పది నెలలకి మాటలు రాకపోయినా ఫర్వాలేదు, శబ్దాలు మాత్రం రావాలి. వినపడుతోంది, నాలుక ఆడుతోంది, తల్లి దగ్గర త్తా అంటున్నాడు. మిగతా రోజంతా ఎందుకనడు? ఆ జవాబు నా పుస్తకాల్లో లేదు కాబట్టి, పిల్లల్ని తూచే నా తూకం యంత్రాన్ని బాగుచేసుకోవాలన్న వంకతో ఆ పూటంతా షెడ్డులోనే కూర్చున్నాను. తూకం యంత్రం బాగానే ఉంది.

చూస్తే నాకు నవ్వాగలేదు. ఆ ఇంట్లో పిల్లవాడితో ఎవరికీ మాటల అవసరమే లేదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడక్కముందే నాయనమ్మ పెట్టేస్తుంది. వాడు పాలగ్లాసు వైపు కన్ను తిప్పాడో లేదో గ్లాసు మూతి దగ్గరుంటుంది. పెదవి విడిస్తే అందులో ఏదో ఒకటి పడుతుంది. ఇక తాత ఒళ్లో కూర్చున్నప్పుడు సంగతి వేరు. ఒకసారి వాడు తాత మొహంలోకి చూసి సన్నగా ఏదో అన్నాడు. నాగభూషణం గారి మొహం గోడలా ఉండిపోయింది. ఆయనకి మనవడంటే ప్రాణం, షెడ్డులో అంత పనిలోనూ ఒళ్లోంచి దింపరు. కాని నలభై ఏళ్లుగా ఎవరేమన్నా కదలకుండా నిలబెట్టిన మొహం అది, మనవడన్నంత మాత్రాన కదులుతుందా? పిల్లవాడు కాసేపు చూశాడు. తర్వాత తాత భుజం మీది తువ్వాలు లాగి ఆయన చేతి మీద కప్పి, వేలు పట్టుకుని నొక్కాడు. ఆయన అటు చూడకుండానే మామిడి బద్ద ఒకటి తీసి వాడి చేతిలో పెట్టారు. షెడ్డులో పనివాళ్లకిది అలవాటైపోయింది, వింతగా చూసింది నేనొక్కదాన్నే.

మాట రాని పిల్లవాడని ఇంటిల్లిపాదీ ఏడుస్తున్నారు. వాడేమో మండీ భాష నేర్చేసుకున్నాడు.

సాయంత్రం వ్యాపారులు వెళ్లాక షావుకారు గారితో మాట్లాడాను. వైద్యం మాటలు చెబితే ఆయన వింటారని నాకు నమ్మకం లేదు. ఆయన భాషలోనే అడిగాను.

"అవతలివాడు ధర చెప్పాడనుకోండి. మీరు ఔననరు, కాదనరు, వేలు కదపరు, తలెత్తి చూడరు. వాడేం చేస్తాడండీ?"

"ఎదురు మండీకి పోతాడు."

"మీ మనవడు నెలల తరబడి ధర చెప్పాడండీ. ఒక్కసారి కూడా మీరు తిరిగి చెప్పలేదు. అందుకే నోటి బేరం మానేశాడు."

ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. కుడి భుజం మీది తువ్వాలు తీసి ఎడమ భుజం మీద వేసుకున్నారు. మాట తగిలితే ఆయన అలా చేస్తారని సీతారావమ్మ గారు తర్వాత చెప్పారు. తువ్వాలు సర్దుకుని, ఏం చెయ్యాలన్నారు. నేను షరతులు చెప్పాను. వాడు ఏ శబ్దం చేసినా, చేస్తున్న పని ఆపి మొహంలోకి చూడాలి. కనుబొమలు ఎత్తాలి, అదే శబ్దం తిరిగి అనాలి. తర్వాత నోరు మూసుకుని వాడి వంతు కోసం ఆగాలి. కథ చెప్పేవాడికి ఊఁ కొట్టేవాడు ఎలాగో, పసివాడి మాటకి పెద్దల జవాబు అలాగే. ఊఁ కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోతుంది.

ఆగడం ఆయనకి కొత్త కాదు. బేరంలో తన ధర చెప్పి, జవాబు రాకముందే మళ్లీ వేలు నొక్కినవాడు ఓడిపోయినట్టేనని ఆయనే నాకు చెప్పారు. కనుబొమల దగ్గరే ఇబ్బంది వచ్చింది. కొనేవాళ్లు చూస్తుంటే అలా చెయ్యడం కుదరదన్నారు. అది లేకపోతే లాభం లేదన్నాను. చివరికి నాలుక కోతని పౌర్ణమి దాకా వాయిదా వెయ్యడానికి ఒప్పుకున్నారు. పౌర్ణమి దాటేలోపు పిల్లవాడు నలుగురిలో నోరు తెరిస్తే డాక్టరు గారు రానక్కర్లేదు. తెరవకపోతే పౌర్ణమి మర్నాడు బ్లేడు. సీతారావమ్మ గారికి కూడా ఒక షరతు పెట్టాను, వాడు ఏదో ఒక చప్పుడు చేసేదాకా గ్లాసు అందించకూడదని.

"పసివాణ్ణి అడుక్కోమంటావా తల్లీ?" అన్నారావిడ. ఆ రోజు నుంచి నాకు మజ్జిగ కాస్త పుల్లగా వచ్చేది.

ఆ వారంలోనే ఆ ఇంటి నుంచి నాకు కబురొచ్చింది, షావుకారు గారికి మూతి వంకర పోయింది, వెంటనే రమ్మని. పక్షవాతమే అనుకుని బి.పి. మిషను పట్టుకుని పరిగెత్తాను. ఆయన మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నారు, పక్కన సీతారావమ్మ గారు కళ్లొత్తుకుంటున్నారు. బీరువా అద్దం ముందు ఒక్కరే నిలబడి కనుబొమలు ఎగరేస్తూ, మూతి సున్నాలా చుట్టి త్తా త్తా అంటుంటే ఆవిడ చూశారట. నేను ఆయన వైపు చూశాను. ఆయన చెయ్యి చాచి, ఆవిడ మనశ్శాంతికి బి.పి. చూడమన్నారు. చూశాను. నా ఉద్యోగంలో చూసిన బి.పి.ల్లో అంత చక్కనిది తక్కువ.

ఇంత సాధన చేసినా పిల్లవాడు లొంగలేదు. అలిగి వెళ్లిన పార్టీ ఒక్క పిలుపుకి తిరిగి వస్తుందా? తాత త్తా అంటే వాడు ఆయన నోటి వైపు అనుమానంగా చూసేవాడు, మళ్లీ తువ్వాలు లాగేవాడు. వేలు నొక్కితే ఇవ్వొద్దని నేను చెప్పాను. ఇవ్వకపోతే ఏడ్చేవాడు. ఏడిస్తే ఇంటిల్లిపాదీ నా వైపు చూసేవారు. పద్మ మాత్రం పొయ్యి దగ్గర నుంచే నా కళ్లలోకి చూసేది. ఆ పిల్ల ముఖం చూసినప్పుడల్లా, నేను పెట్టిన గడువే దాని మెడకి చుట్టుకుంటుందేమోనని భయపడ్డాను. ఆర్.ఎం.పి. డాక్టరు గారు రోజూ ఆ దారినే సైకిలు మీద వెళుతూ, పౌర్ణమి గుర్తుందా అన్నట్టు బెల్లు కొట్టేవారు.

పౌర్ణమి నాడు ఉదయం నేను వెళ్లేసరికి షెడ్డు కిక్కిరిసి ఉంది. పెద్ద తోట నుంచి బంగినపల్లి కాయ దిగింది. ఆ సీజనుకి అంత మంచి సరుకు మళ్లీ రాదని అందరికీ తెలుసు. నాగపూరు వ్యాపారి, నాగభూషణం గారు ఎదురెదురుగా కూర్చున్నారు. చేతుల మీద తువ్వాలు కప్పి ఉంది. తువ్వాలు కదిలిన తీరు చూసి, బేరం దగ్గర పడిందని పనివాళ్లు గుసగుసలాడారు. పిల్లవాడు తాత పక్కనే గడ్డి మీద కూర్చుని ఉన్నాడు. తువ్వాలు లాగడానికి లేదు, అది బేరంలో ఉంది. ఆయన చెయ్యి కూడా అందులోనే ఉంది.

వాడు కాసేపు ఆ తువ్వాలు వైపు చూశాడు. తర్వాత తలెత్తి తాత మొహంలోకి చూసి, స్పష్టంగా, నలుగురూ వినేట్టు "త్తా" అన్నాడు.

నాగభూషణం గారు కదల్లేదు. నాగపూరు వ్యాపారి ఆయన మొహం మీద నుంచి చూపు తిప్పలేదు. ఆ క్షణంలో కనుబొమ ఎత్తితే వ్యాపారి దాన్ని మరోలా చదువుకుంటాడు. పిల్లవాడు ఇంకోసారి అన్నాడు, ఈసారి కాస్త చిన్నగా. జవాబు లేదు. వాడి చూపు తాత మీద నుంచి మెల్లగా జారి గడ్డిపోచ మీదికి వెళ్లింది. ఆ చూపు జారడం నేను చూశాను. వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడ్డ పద్మ కూడా చూసింది.

షావుకారు గారు తువ్వాలు కింద నుంచి చెయ్యి తీశారు.

షెడ్డులో ఒకరిద్దరు లేచి నిలబడ్డారు. ఆయన ఎవర్నీ చూడలేదు. మనవడి వైపు పూర్తిగా తిరిగి, వంగి, రెండు కనుబొమలూ నుదుటి మీదికి ఎత్తి "త్తా" అన్నారు. తర్వాత నోరు మూసుకుని ఆగారు. ఆయనంత బాగా ఆగడం నేను ఎవరి దగ్గరా చూడలేదు. పిల్లవాడు ఆ మొహాన్ని ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశాడు. చూసి చూసి ఒక్కసారిగా నవ్వి, కాళ్లూ చేతులూ ఆడిస్తూ "త్తత్తత్తత్తా" అని అందుకున్నాడు. ఆయన తిరిగి అన్నారు. వాడు ఇంకా పెంచాడు. నాగపూరు వ్యాపారి కాసేపు చూసి, తన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, రోడ్డు దాటి ఎదురు మండీకి వెళ్లిపోయాడు. ఎవరూ ఆపలేదు, ఆపే హక్కూ లేదు.

సీతారావమ్మ గారు లోపల్నుంచి వచ్చి మనవడి గొంతు విని గుమ్మంలోనే కూలబడ్డారు. నాగభూషణం గారు కోడలి వైపు చూశారు. ఆ ఇంట్లో మామగారు కోడలితో సూటిగా మాట్లాడటం నేనదే మొదటిసారి విన్నాను.

"నువ్వు చెప్పింది నిజమేనమ్మా. మేమే వినలేదు. ఆ డాక్టరు గారికి రావద్దని నువ్వే కబురు పంపించు."

పద్మ గరిటె గుమ్మం మీద పెట్టి వచ్చి పిల్లవాణ్ణి ఎత్తుకుంది. నాకు కళ్లనీళ్లొచ్చాయి, అవి దాచుకోవడానికి తూకం యంత్రం మీదికి వంగాను.

తర్వాతి పర్యాయం వెళ్లేసరికి ఆ పిల్లవాడు షెడ్డులో ఎవర్నీ మాట్లాడనివ్వడం లేదు. షావుకారు గారు మాత్రం నా మీద నేరుగానే ఫిర్యాదు చేశారు. ఆయన కనుబొమలు ఇప్పుడు బేరం మధ్యలో కూడా వాటంతటవే లేస్తున్నాయట. కొనేవాళ్లు అది కనిపెట్టేశారట. "మీ వల్ల నా మొహం పాడైపోయింది సిస్టరు గారూ" అన్నారు. అంటూనే ఒక బుట్ట చిన్నరసాలు ఇవ్వబోయారు. కానుకలు తీసుకోకూడదన్నది మా సర్వీసు నిబంధన. అక్కడే కూర్చుని తినకూడదని నిబంధనలో లేదు కాబట్టి తినేశాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా విజిట్లలో ఒక పద్ధతి పాటించాను. బిడ్డకి మాటలు రావడం లేదని ఎవరు పిలిచినా, చెవులూ నాలుకా చూసినంత శ్రద్ధగా ఇంకొకటి కూడా చూసేదాన్ని. బిడ్డ శబ్దం చేసినప్పుడు ఆ ఇంట్లో ఎవరు తలెత్తారు, ఎవరు ఎత్తలేదు? చెవుల్లోనే లోపమున్న పిల్లలు కొందరు తగిలారు, వాళ్లని పెద్దాసుపత్రికి పంపాను. మిగతా చోట్ల వైద్యం కావలసింది పెద్దవాళ్లకే. దానికి కావలసిందల్లా చేతిలో ఉన్న పని వదలడం. ఆ పని ఎంత గొప్పదైతే వదలడం అంత కష్టమని, వదలకపోతే బిడ్డ మళ్లీ అడగదని నేను నేర్చుకున్నాను.